చివరి స్టాపు

తమ్ముడు జ్వానె పోతూ పోతూ నాకు వదిలింది
ఒక చిన్న పార, మోచేతుల దగ్గర చిరిగిన కోటు,
ముర్వ.
పదకొండేళ్ళుగా మాటల్లేవు మా ఇద్దరికీ,
ద్రాక్షతోట గట్టు మీద మూరెడు నేల కోసం.
కుక్కకేం తెలుసు?
ఆ కోటు వేసుకుని గుమ్మంలోకి వచ్చానని
తోక ఊపింది.
మొహం చూసి ఆపేసింది.

ముప్ఫయ్యేళ్ళు బుజెట్ నుంచి పాజిన్‌కి బస్సు నడిపినదాన్ని.
కొండమలుపులు తెలుసు, తాగుబోతులు తెలుసు,
చిల్లర లేదనే బడిపిల్లల మొహాలు తెలుసు.
కుక్కల సంగతి ఒక్క ముక్క తెలియదు.

అక్టోబరు. మిర్నా నది పొగమంచులో
ఓక్ చెట్ల కిందికి నన్ను లాక్కుపోయింది.
ఉన్నట్టుండి ముక్కు నేలకు దించి,
గబగబా గీకి,
కుడి పంజా గుంటలో పెట్టి కూర్చుంది.
కింద ట్రఫుల్ ఉంది. బంగారంలా తూచే పుట్టగొడుగు.
వెల్లుల్లీ తడిగోనే కలిసిన ఆ వాసన
నా ముక్కుకే తగులుతోంది.
పంజా మాత్రం తియ్యదు.

మాట కావాలి దానికి.
జ్వానె నేర్పిన మాట.
ఇక్కడి వేటగాళ్ళు చోటూ చెప్పరు, మాటా చెప్పరు.
కుక్క తాళం, తాళంచెవి యజమాని నోట్లో.
వీడు మింగి మరీ పోయాడు.

వదులు అన్నాను. ఇవ్వు అన్నాను. మా తల్లివి కదూ అన్నాను.
ఇటాలియన్‌లో అడిగాను, మా అమ్మ తిట్లన్నీ అడిగాను.
జున్ను చూపించాను.
జున్ను తిని, పంజా అక్కడే ఉంచింది.
పట్టీ పట్టుకుని లాగితే
గుర్రుమనలేదు, కరవలేదు,
చూసింది అంతే.
టికెట్ లేకుండా ఎక్కినవాణ్ణి
నేను అద్దంలోంచి చూసే చూపు.

పక్కింటి బెర్తో నవ్వాడు.
"కడుపు మాడ్చు ఫూమె, మూడు రోజుల్లో దారికొస్తుంది."
ఆ రాత్రి ఖాళీ గిన్నె పెట్టాను.
అది గిన్నెనీ చూడలేదు, నన్నూ చూడలేదు,
తలుపు వైపు తిరిగి పడుకుంది.
అర్ధరాత్రి లేచి సూప్ వెచ్చబెట్టాను.
ఇద్దరం నేల మీదే తిన్నాం.

తర్వాత నెల్లాళ్ళు అడవి మొహం చూడలేదు.
ఏం నేర్పావంటే ఏం చెప్పను?
పోస్టాఫీసు దాకా నడిచాం. కాళ్ళలో ముళ్ళు తీశాను.
చెవి వెనక ఎక్కడ గోకితే
వెనకకాలు దానంతటదే ఆడుతుందో కనిపెట్టాను.
ఉరుములంటే నాకు భయమని
ఈ ఊళ్ళో ముందుగా పసిగట్టింది అదే.
సాయంత్రాలు అరచేతిలో రొట్టెముక్క పెట్టుకుని
పిలవకుండా కూర్చునేదాన్ని.
ఒకరోజు గంట పట్టింది. ఒకరోజు రానేలేదు.
ఒకరోజు రొట్టె కింద పడేసి
ఖాళీ అరచేతి మీద గడ్డం ఆనించింది.

నవంబరు ఆఖర్లో మళ్ళీ వెళ్ళాం.
వాన. బూట్ల నిండా బురద.
రెండు గంటలకి హేజెల్ పొద కింద తవ్వింది,
పంజా పెట్టింది, కూర్చుంది.
నేనూ కూర్చున్నాను ఆ తడిలోనే.
అడగలేదు. అడిగే ఓపిక లేదు.
చీకటి పడుతోంది, మోకాళ్ళు పీకుతున్నాయి,
అలవాటైన నోట్లోంచి అదే వచ్చింది:
"చివరి స్టాపు. దిగాలి."

పంజా తీసింది.

జ్వానె మాట అది కాదు, ఒట్టేసి చెప్తాను.
నా బస్సు ఎక్కడమే మానేశాడు వాడు.
మరెందుకు తీసిందంటే,
నా గొంతులో ముష్టి లేదు ఆ పూట, బెదిరింపూ లేదు,
ఇంటికి పోదామన్న అలసట ఒక్కటే ఉంది.
గుంటలో దొరికింది కోడిగుడ్డంత, ఓ పక్క పురుగు పట్టింది.
మంచి పక్కే కోసి దానికి పెట్టాను.
బెర్తో చూస్తే తల బాదుకునేవాడు.

ఇప్పుడు ఆ మాటకే లేస్తుంది,
అడవిలోనూ, సోఫా మీంచీ,
కసాయి కొట్టు గుమ్మం ముందు నుంచీ.

నిన్న ఉల్లిపాయలు తరుగుతూ
ఏదో గొణుక్కుంటున్నాను నాలో నేను.
చటుక్కున లేచి నిలబడింది ముర్వ,
చెవులు నిక్కించి, తలుపు కేసి చూస్తూ.
ఏ మాటన్నానో వెనక్కి తవ్వుకోలేదు.
కత్తి పక్కన పెట్టి
అది మళ్ళీ పడుకునేదాకా
నోరు విప్పలేదు.